వాసన పోయింది, లెక్క తేలలేదు: పర్యావరణ హిత రంగులపై ఒక సమీక్ష

పండక్కి ముందు పెయింటు కొట్టుకు వెళ్తే ఇప్పుడు షేడ్ కార్డు ఒక్కటే చూస్తే చాలదు. ఒక డబ్బా మీద 'సీసం లేదు' అని ఉంటుంది. దాని పక్కది 'లో వీఓసీ', ఆ పక్కది 'జీరో వీఓసీ'. కింది అరలో 'ప్రాకృతిక్'. అన్నిటి మీదా ఎక్కడో ఒకచోట ఆకు బొమ్మ. కొనేవాళ్లకు ఇవన్నీ ఒకే ప్రశ్నకు నాలుగు జవాబుల్లా కనిపిస్తాయి. నిజానికి నాలుగూ వేర్వేరు ప్రశ్నలకు జవాబులు. సీసం సంగతి పసిపిల్లల మెదడుకు సంబంధించింది. వీఓసీ, అంటే గాలిలోకి ఎగిరిపోయే కర్బన రసాయనాల లెక్క, పుట్టింది నగరం మీది గాలి కోసం. గదిలోని గాలి దాకా అది ఆలస్యంగా వచ్చింది. 'ప్రాకృతిక్' అన్న మాట ముడిసరుకు ఎక్కణ్నుంచి వచ్చిందో చెబుతుంది గాని, గోడకెక్కాక ఏమవుతుందో చెప్పదు.

ప్రపంచంలో అన్ని రకాల రంగులూ పూతలూ కలిపి ఏటా సుమారు 200 బిలియన్ డాలర్ల వ్యాపారం. అందులో 'పచ్చ' రంగుల వాటా ఎంతని అడిగితే మార్కెట్ నివేదికలు ఒక్కోటీ ఒక్కో అంకె చెబుతాయి. నీళ్లు కలిపే ప్రతి ఎమల్షన్‌నూ పచ్చ ఖాతాలో వేస్తే ప్రపంచంలోని ఇంటి గోడల్లో చాలా భాగం ఇప్పటికే పచ్చనైపోయినట్టే. పెట్రోలు సరుకు లేనివాటినే లెక్కిస్తే ఆ వాటా చిటికెడు. కాబట్టి మార్కెట్ పెరుగుతోందన్న మాట నిజమే, పెరుగుతున్నదేమిటన్నదే తగాదా.

ముందు సీసం

రంగు డబ్బాలో స్థూలంగా నాలుగు సరుకులుంటాయి. రంగునిచ్చే పొడి, దాన్ని గోడకు పట్టి ఉంచే జిగురు (దీన్నే బైండర్ అంటారు), రెంటినీ పలచన చేసే ద్రవం, చివరగా నురగ రాకుండా, బూజు పట్టకుండా, అట్టకట్టకుండా వేసే చిల్లర రసాయనాలు. గత నూట ఇరవై ఏళ్ల పర్యావరణ చర్చ ఈ నాలుగింటి మీదుగా వరుసగా నడిచింది. మొదట పట్టుబడింది పొడి.

1904లో ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్‌లో లాక్‌హార్ట్ గిబ్సన్ అనే కంటి వైద్యుడు, పిల్లలకు సోకుతున్న సీసపు విషానికి మూలం ఇళ్ల వరండా కమ్మీల మీద పొడిపొడిగా రాలే తెల్ల రంగేనని చెప్పాడు. పిల్లలు కమ్మీలు పట్టుకుంటారు, అవే వేళ్లు నోట్లో పెట్టుకుంటారు. ఇంతకన్నా సూటి వివరణ ఉండదు. 1921లో అంతర్జాతీయ కార్మిక సంస్థ ఇళ్ల లోపలి పనిలో తెల్ల సీసాన్ని అడ్డుకునే ఒడంబడిక తెచ్చింది. అమెరికా ఇంటి రంగుల్లో సీసాన్ని నిషేధించింది 1978లో. మన దేశంలో ఇంటి రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల పాళ్లలో 90) దాటకూడదన్న నిబంధనలు 2016లో వెలువడి, 2017 నవంబర్ 1 నుంచి అమల్లోకి వచ్చాయి. బ్రిస్బేన్ నుంచి ఇక్కడికి 113 ఏళ్లు. ప్రపంచంలో నేటికీ సుమారు సగం దేశాల్లోనే ఇలాంటి చట్టం ఉంది.

ఈ మొత్తం చర్చలో శాస్త్రపరంగా తేలిపోయిన అంశం సీసం ఒక్కటే. రంగులో సీసం ఉండాల్సిన సాంకేతిక అవసరం ఏదీ మిగల్లేదు. మిగిలిందల్లా అమలు. అందులోనూ ఒక కంత ఉంది: మన నిబంధనలు ఇంటి రంగులకూ అలంకరణ రంగులకూ మాత్రమే వర్తిస్తాయి. పారిశ్రామిక రంగులు వాటి పరిధిలో లేవు. రెండు రకాలూ ఒకే కొట్టులో పక్కపక్కనే దొరికే దేశంలో ఈ గీత ఎంత గట్టిగా నిలుస్తుందో ఊహించుకోవచ్చు.

లాస్ ఏంజెలెస్ నేర్పిన కొలత

రెండో దఫాలో దృష్టి ద్రవం మీద పడింది. లాస్ ఏంజెలెస్‌ను కమ్ముకున్న కళ్లమంటల పొగకు కారణం వెతుకుతూ, 1950లలో హాగెన్-స్మిట్ అనే రసాయన శాస్త్రవేత్త దాని గుట్టు విప్పాడు. వాహనాల నుంచి వచ్చే నైట్రోజన్ ఆక్సైడ్లూ గాలిలోకి ఎగిరే కర్బన ఆవిర్లూ ఎండలో కలిసి నేల మట్టంలో ఓజోన్‌ను పుట్టిస్తున్నాయని తేల్చాడు. ఆ ఆవిర్లలో పెట్రోలుదే పెద్ద వాటా. రంగుల్లోని థిన్నరూ తక్కువేం కాదు. 1966లో ఆ కౌంటీ తెచ్చిన 'రూల్ 66' రంగుల్లోని ద్రావకాలకు కళ్లెం వేసిన తొలి నిబంధనల్లో ఒకటి.

ఇప్పుడు డబ్బా మీద కనిపించే 'లీటరుకు ఇన్ని గ్రాములు' అన్న కొలత ఆ సంప్రదాయం బిడ్డే. 1998లో అమెరికా జాతీయ స్థాయిలో, మెరుపు లేని గోడ రంగులకు లీటరుకు 250 గ్రాముల పరిమితి పెట్టింది. యూరప్ 2004 నాటి ఆదేశంతో ఇంకా బిగించింది: లోపలి గోడలకు వేసే మ్యాట్ ఎమల్షన్‌లో 2007 నుంచి 75 గ్రాములు, 2010 నుంచి 30 గ్రాములు మించకూడదు. కార్ల పొగ తగ్గుతూ వచ్చిన కొద్దీ ఈ విషయానికి బరువు పెరిగింది. 2018లో 'సైన్స్' పత్రికలో వచ్చిన అధ్యయనం, పారిశ్రామిక నగరాల గాలిలో శిలాజ ఇంధన మూలాల నుంచి చేరే ఆవిర్లలో ఇంచుమించు సగం ఇప్పుడు రంగులు, సిరాలు, జిగుర్లు, పురుగుమందులు, శుభ్రం చేసే ద్రవాలు, ఒంటికి పూసుకునే సరుకుల నుంచే వస్తున్నాయని తేల్చింది.

నీటి రంగు కథ

నీళ్లు కలిపే రంగును పర్యావరణ ఉద్యమం కన్న బిడ్డగా చెప్పడం పరిశ్రమకు ఇష్టం. చరిత్ర వేరేగా ఉంది. 1941లో షెర్విన్-విలియమ్స్ అమెరికాలో విడుదల చేసిన 'కెమ్-టోన్' అనే నీటి రంగుకు ఊపునిచ్చింది యుద్ధకాలపు నూనెల కొరత. యుద్ధం ముగిశాక కృత్రిమ రబ్బరు పరిశ్రమ దగ్గర పోగుపడిన పాలిమర్ విద్య 1940ల చివర్లో లేటెక్స్ రంగులకు దారి తీసింది. త్వరగా ఆరుతుంది, కుంచెను నీళ్లతో కడిగేయొచ్చు, వాసన తక్కువ. గృహిణులకు నచ్చినవి ఈ గుణాలే. గాలి సంగతి ఎవరూ అడగలేదు.

ఆరోగ్య కారణం స్కాండినేవియా నుంచి వచ్చింది. 1970లలో డెన్మార్క్‌లో ఏళ్ల తరబడి ద్రావకాలు పీల్చిన పెయింటర్లలో మతిమరుపు, చిరాకు, ఏకాగ్రత లోపం కనిపించాయి. దాన్ని 'పెయింటర్ల జబ్బు' అన్నారు. 1989లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ పెయింటర్ వృత్తినే క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో చేర్చింది. ఒక రసాయనాన్ని కాకుండా ఒక వృత్తిని ఆ జాబితాలోకి ఎక్కించడం అరుదు. నీటి రంగుకు అసలైన నైతిక బలం ఇక్కడుంది: దాని వల్ల ఎక్కువ మేలు జరిగింది ఇంటి యజమాని కన్నా కుంచె పట్టినవాడికి.

అయితే నీళ్లు చేరిన చోట బూజూ బాక్టీరియా చేరతాయి. నూనె రంగు డబ్బాలో కుళ్లదు. నీటి రంగు కుళ్లుతుంది. దానికి మందు వేయాలి. అమెరికాలో ఒకప్పుడు ఆ మందు పాదరసం. 1989లో మిషిగన్‌లో కొత్తగా రంగు వేసిన ఇంట్లో ఒక పసివాడికి పాదరస విషం సోకడంతో గుట్టు బయటపడింది. మరుసటేడాది ఇంటి లోపలి లేటెక్స్ రంగుల్లో పాదరసాన్ని ఆపేశారు. దాని స్థానంలో పెరిగింది ఐసోథయాజోలినోన్ల కుటుంబం. చిటికెడు చాలు, పని చేస్తాయి. కానీ చర్మానికి ఎలర్జీ తెస్తాయి. వాటిలో ఒకటైన మిథైల్ ఐసోథయాజోలినోన్‌ను అమెరికా చర్మవైద్యుల సంఘం ఒకటి 2013లో 'ఆ ఏటి ఎలర్జీ కారకం'గా ప్రకటించింది. యూరప్‌లో 2020 మే నుంచి అది 15 పీపీఎం దాటితే డబ్బా మీద హెచ్చరిక ఉండాలి.

అంటే ద్రావకం తగ్గిన ప్రతి మెట్టులోనూ క్రిమినాశిని మీద ఆధారం పెరిగింది. ఇది మోసం కాదు, రసాయన శాస్త్రం. కానీ 'జీరో వీఓసీ' అన్న మాటలో ఈ రెండో సగం వినిపించదు. క్రిమినాశిని అక్కర్లేని రంగులూ ఉన్నాయి. 1878లో జర్మనీలో కైమ్ అనే ఆయన పేటెంటు పొందిన సిలికేట్ రంగులూ, మన సున్నమూ అలాంటివే. వాటి క్షారగుణమే వాటికి కాపలా. కాకపోతే అన్ని గోడలకూ అవి అంటవు, అన్ని షేడ్లూ వాటిలో రావు.

'సున్నా' అంటే ఎంత?

కొనేవాళ్లను ఎక్కువ తికమక పెట్టేది ఈ ఒక్క మాటే గనుక దీన్ని కాస్త విప్పి చూడాలి.

యూరప్ నిర్వచనం మరిగే ఉష్ణోగ్రత మీద నిలబడింది. మామూలు పీడనంలో 250 డిగ్రీల సెల్సియస్ లోపు మరిగేది వీఓసీ, ఆ పైన మరిగేది కాదు. ఎమల్షన్ పొర సరిగ్గా అతుక్కోవడానికి వాడే టెక్సనాల్ లాంటి ద్రవం 250 కొద్దిగా దాటాక మరుగుతుంది. కాబట్టి అక్కడ అది లెక్కలోకి రాదు. గాలిలోకి రాకుండా మాత్రం ఉండదు; నెమ్మదిగా, నెలల తరబడి వస్తుంది. అమెరికా నిర్వచనం వేరు. అక్కడ ప్రశ్న ఓజోన్. ఎండలో ఓజోన్ పుట్టించడానికి పెద్దగా తోడ్పడని ద్రావకాలను జాబితా నుంచి మినహాయించారు. ఎసిటోన్ అలా తప్పించుకుంది. 56 డిగ్రీలకే మరిగే ఎసిటోన్ యూరప్‌లో నిక్షేపంగా వీఓసీ, అమెరికాలో కాదు. ఒకే డబ్బా సముద్రం దాటితే దాని అంకె మారిపోతుంది. రెండు నిర్వచనాలూ వాటి వాటి ప్రయోజనానికి సరైనవే. రెండూ నగరం గాలి కోసం రాసుకున్నవి. వాటిని పడగ్గది ఆరోగ్యానికి పూచీగా అమ్మడమే అసలు చిక్కు.

ఇక టింటింగ్ మిషన్ సంగతి. డబ్బాలో ఉండేది తెల్ల బేస్. మనం ఎంచుకున్న షేడ్ కోసం కొట్టులోనే అందులోకి రంగు చుక్కలు పడతాయి. ఆ చుక్కల్లో ద్రావకం ఉంటే బేస్ 'జీరో' అయినా గోడకెక్కేది జీరో కాదు. 2012లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ సరిగ్గా ఈ కారణంతోనే షెర్విన్-విలియమ్స్, పీపీజీ కంపెనీల 'జీరో వీఓసీ' ప్రచారాన్ని తప్పుపట్టి, రాజీ ఒప్పందంతో దాన్ని ఆపించింది. 2017లో బెంజమిన్ మూర్‌తో సహా మరో నాలుగు కంపెనీలు ఇలాంటి వాగ్దానాల మీదే కమిషన్‌తో రాజీపడ్డాయి. ముదురు రంగు ఎంచుకున్న కొద్దీ డబ్బా మీది మాటకూ గోడ మీది నిజానికీ దూరం పెరుగుతుందన్నది ఇందులోని పాఠం. ఇప్పుడు ద్రావకం లేని రంగు చుక్కలు వచ్చాయి. ఫలానా కొట్టులోని మిషన్‌లో ఉన్నవి ఏవో అడిగితే గాని తెలియదు.

నాలుగు వాదాలు

ఈ చర్చలో పాల్గొనేవాళ్లను నాలుగు శిబిరాలుగా చూడొచ్చు. ఒకరిని ఒకరు ఖండించుకుంటున్నట్టు కనిపించినా చాలాసార్లు ఒకరి ప్రశ్న ఒకరికి పట్టదు, అంతే.

మొదటిది డబ్బాలో ఏముందో కొలిచే వాదం. లీటరుకు గ్రాములు, పీపీఎంలు. కొలవడం తేలిక, తనిఖీ తేలిక. ప్రభుత్వాలకు ఇదే ఇష్టం.

రెండోది గోడ నుంచి ఏం వస్తుందో కొలిచే వాదం. రంగు వేసిన పలకను మూసిన గదిలాంటి పెట్టెలో పెట్టి, రోజుల తర్వాత ఆ గాలిలో ఏముందో చూస్తారు. 2012 నుంచి ఫ్రాన్స్‌లో నిర్మాణ సరుకుల మీద ఏ-ప్లస్ నుంచి సీ దాకా ఈ తరగతి అచ్చు వేయడం తప్పనిసరి అయింది. ఇంట్లో ఉండేవారి దృష్టిలో ఇదే అర్థవంతమైన కొలత. నా తీర్పు అడిగితే మొదటి రెండిట్లో దీనికే నా ఓటు. ఖర్చెక్కువ, పరీక్షాగారాలు కావాలి. ఆ కారణంగానే పేద దేశాల్లో ఇది వేళ్లూనలేదు.

మూడోది ప్రకృతి సరుకు వాదం: సున్నం, అవిసె నూనె, పాల కేసిన్, మట్టి రంగులు, లక్క. తెలుగు పాఠకులకు ఇది కొత్తది కాదు. సంక్రాంతికి వెల్ల వేయించడం, నీలిమందు కలపడం, అరుగులకు జాజు పూయడం నిన్నమొన్నటి దాకా ఇంటింటి పని. పల్నాడులో పిడుగురాళ్లకు సున్నపు బట్టీల మీదే పేరొచ్చింది. సున్నం గోడ మీద గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకుని మళ్లీ రాయిగా మారుతుందన్నది నిజం. కానీ దాన్ని పుణ్యంగా లెక్కేసేవాళ్లు బట్టీని మరచిపోతారు. 100 కిలోల స్వచ్ఛమైన సున్నపురాయిని కాలిస్తే 56 కిలోల సున్నం, 44 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తాయి. గోడ ఎంత పీల్చినా తిరిగొచ్చేది మహా అయితే ఆ 44 కిలోలే. బట్టీలో కాలిన బొగ్గు పొగ మిగిలే ఉంటుంది.

ఈ వాదానికి ప్రభుత్వ ముద్ర పడింది 2021 జనవరిలో. ఖాదీ కమిషన్ ఆవుపేడతో చేసిన 'ప్రాకృతిక్' రంగును లీటరు డిస్టెంపర్ 120 రూపాయలకు, ఎమల్షన్ 225 రూపాయలకు బజారుకు తెచ్చింది. జైపూర్‌లోని కుమారప్ప జాతీయ చేతికాగిత సంస్థ దాన్ని రూపొందించింది. పేడ అలికిన నేల ఎరిగిన మనకు ఇందులో వింత లేదు. అయితే పేడ ఇచ్చేది మేను మాత్రమే. గోడకు పట్టి ఉంచే జిగురు ఏమిటన్నదే ఏ రంగుకైనా అసలు ప్రశ్న, ఈ రంగుకూ అంతే. పల్లెల్లో ఆదాయం పుట్టించే పథకంగా దీన్ని మెచ్చుకోవచ్చు. రసాయన ప్రత్యామ్నాయంగా మెచ్చుకోవాలంటే కోటుకు ఎంత గోడ కప్పుతుంది, ఎన్నేళ్లు నిలుస్తుంది అన్న అంకెలు మిగతా రంగులతో పక్కపక్కన పెట్టి చూడాలి.

ప్రకృతి పూత నిస్సందేహంగా గెలిచిన చోటు ఒకటుంది. అనకాపల్లి జిల్లా ఏటికొప్పాకలో అంకుడు కర్ర బొమ్మలకు వేసే లక్క పూత. చెట్ల నుంచి, గింజల నుంచి తీసిన రంగులను ఆ కళలోకి మళ్లీ తెచ్చినందుకు పేరుపడిన సీవీ రాజుకు 2023లో పద్మశ్రీ వచ్చింది. పిల్లలు నోట్లో పెట్టుకునే వస్తువుకు అంతకన్నా తగిన పూత ఉండదు. కానీ చేతిలో ఇమిడే బొమ్మకూ మూడంతస్తుల ఇంటికీ ఒకటే లెక్క పనిచేయదు.

నాలుగోది పుట్టుక నుంచి చావు దాకా లెక్క కట్టే వాదం. పొడి తవ్వకం నుంచి గోడ పెచ్చు రాలి కాలవలో కలిసే దాకా అన్నీ కూడాలంటారు వీళ్లు. ఇందులో మొదట తగిలేది టైటానియం డయాక్సైడ్, ప్రతి తెల్ల రంగుకూ తెలుపునిచ్చే పొడి. దాని తయారీకి కరెంటూ వేడీ బాగా కావాలి. సల్ఫేట్ పద్ధతిలో ఆమ్ల వ్యర్థం పుడుతుంది. ఈ వ్యర్థాల కోసమే యూరప్ 1978లో ప్రత్యేక ఆదేశం తెచ్చుకుంది. ఆ పొడికి మూలమైన ఇల్మనైట్ ఇసుక శ్రీకాకుళం, విశాఖ తీరాల్లోనూ ఉంది. గోడకు వేసిన 'జీరో వీఓసీ' తెలుపు వెనుక ఎక్కడో ఒక తీరం తవ్వకం ఉంటుందన్న ఎరుక లేబుళ్లలో లేదు. ఈ వాదం నుంచి పుట్టే ముగింపు చాలామందికి రుచించదు: మూడేళ్లకోసారి వేయాల్సిన 'పచ్చ' రంగు కన్నా పన్నెండేళ్లు నిలిచే మామూలు రంగే కొన్నిసార్లు మేలు.

దీనికి ఓడల అడుగున వేసే పూతలే గొప్ప ఉదాహరణ, అదీ రెండు వైపులా పదునున్నది. ట్రైబ్యూటైల్‌టిన్ అనే రసాయనం కలిపిన పూతలు వేస్తే ఓడ అడుగున నత్తలు, నాచు పట్టవు, ఇంధనం ఎంతో మిగులుతుంది. కానీ ఫ్రాన్స్‌లోని ఆర్కషాన్ ఖాతంలో ఆల్చిప్పల పెంపకం కుదేలైంది, సముద్రపు నత్తల్లో ఆడవాటికి మగ అవయవాలు మొలిచాయి. ఫ్రాన్స్ 1982లో చిన్న పడవలకు దాన్ని ఆపింది. ప్రపంచ ఒడంబడిక 2001లో కుదిరి, 2008లో అమల్లోకి వచ్చింది. దాని తర్వాత రాగి పూతలు పెరిగాయి, వాటికి తోడుగా వాడిన సైబ్యుట్రిన్‌ను 2023 నుంచి నిషేధించారు. పొగ తగ్గించిన పూతే నీటిని చంపింది. ఏ తక్కెడలో ఏది తూచాలో ఇప్పటికీ ఏకాభిప్రాయం లేదు.

పౌడర్ కోటింగ్ గురించి రెండు ముక్కలు చాలు. ద్రావకమే లేదు, పక్కకు పడిన పొడిని పోగు చేసి మళ్లీ వాడొచ్చు. కానీ 180 నుంచి 200 డిగ్రీల వేడిలో కాల్చాలి. అల్యూమినియం కిటికీలకు సరిపోతుంది, ఇటుక గోడకు పనికిరాదు.

పరిమితి, పన్ను, ముద్ర

ప్రభుత్వాలు మూడు దారులు పట్టాయి. యూరప్, అమెరికా పరిమితి పెట్టాయి: దాటితే అమ్మకూడదు. స్విట్జర్లాండ్ 2000 నుంచి వీఓసీ మీద పన్ను వేసి, ఆ సొమ్మును ఆరోగ్య బీమా ద్వారా ప్రజలందరికీ సమానంగా తిరిగి పంచుతోంది. చైనా 2015 ఫిబ్రవరి నుంచి లీటరుకు 420 గ్రాములు దాటిన పూతల మీద 4 శాతం వినియోగ పన్ను వేసింది. మూడో దారి ముద్ర. జర్మనీ 1978లో 'బ్లూ ఏంజెల్'తో మొదలుపెట్టింది, మనం 1991లో 'ఎకోమార్క్' తెచ్చుకున్నాం.

పరిమితి అట్టడుగు సరుకును ఏరివేస్తుంది, కానీ పరిమితికి ఒక గ్రాము తక్కువలో కంపెనీ ఆగిపోతుంది. పన్ను ఆగనివ్వదు, ఇంకా తగ్గించమంటుంది. వసూలు యంత్రాంగం బలంగా ఉంటేనే అది పనిచేస్తుంది. ముద్ర మంచి సరుకును చూపిస్తుంది, చెడ్డదాన్ని బజారులోంచి తీయలేదు. ముద్ర ఒక్కదాన్నే నమ్ముకున్న చోట 'పచ్చ' రంగు ధనికుల పడగ్గదికే పరిమితమవుతుంది. చవక ఎనామెల్ అలాగే అమ్ముడుపోతుంది.

మన దేశం ఇప్పటి దాకా ఎక్కువగా నడిచింది ఈ మూడో దారిలోనే. సీసానికి చట్టముంది గాని ఇంటి రంగుల్లోని వీఓసీకి యూరప్ తరహా కేంద్ర పరిమితి లేదు. పరిశ్రమ స్వచ్ఛందంగా వేయించుకునే 'గ్రీన్‌ప్రో' ముద్రను నడిపేది హైదరాబాద్‌లో పరిశ్రమల సమాఖ్య సీఐఐకి చెందిన గ్రీన్ బిజినెస్ సెంటర్. 2024లో రెండు మార్పులు జరిగాయి. సెప్టెంబర్‌లో కొత్త ఎకోమార్క్ నిబంధనలు వచ్చాయి. అక్టోబర్‌లో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ పర్యావరణం పేరిట చేసే మోసపు ప్రచారాలపై మార్గదర్శకాలు ఇచ్చింది. 'సహజం', 'పర్యావరణ హితం' లాంటి మాటలకు ఇక ఆధారం చూపాలి. అదే ఏడాది ఫిబ్రవరిలో బిర్లా ఓపస్ అనే కొత్త పెయింటు బ్రాండు రంగప్రవేశంతో పోటీ వేడెక్కింది. పోటీ పెరిగిన కొద్దీ డబ్బా మీది మాటలూ పెరుగుతాయి కాబట్టి మార్గదర్శకాలు సమయానికే వచ్చాయి. విశాఖ దగ్గర, పటాన్‌చెరులో ఏషియన్ పెయింట్స్‌కు, హిందూపురంలో బెర్జర్‌కు కర్మాగారాలున్నాయి. రంగు మన దగ్గర కొనే సరుకే కాదు, తయారయ్యే సరుకు కూడా.

తెలంగాణ ఇంకో అర్థాన్ని తీసుకొచ్చింది. 2023 ఏప్రిల్‌లో ప్రకటించిన కూల్ రూఫ్ విధానం 2028 నాటికి 300 చదరపు కిలోమీటర్ల పైకప్పుల మీద ఎండను తిప్పికొట్టే పూతలో పలకలో పరచాలంటుంది. ఇక్కడ పర్యావరణ హితమంటే వేడి తగ్గడం, కరెంటు బిల్లు తగ్గడం. మంచి విధానమే. కానీ దాబా మీద వేసే పూత సున్నమా, యాక్రిలిక్కా అన్నప్పుడు పాత పేచీ మళ్లీ తలెత్తుతుంది. సున్నం చవక, వానకు కొట్టుకుపోతుంది. యాక్రిలిక్ నిలుస్తుంది, కానీ అది ప్లాస్టిక్. దుమ్ము పడితే రెండిటి మెరుపూ తగ్గుతుంది.

తేలని లెక్కలు

ప్లాస్టిక్ మాట వచ్చింది గనుక ఈ చర్చలోని సరికొత్త ముడి చూద్దాం. ఎమల్షన్ రంగులోని జిగురు ఒక ప్లాస్టిక్. పెచ్చులూడినా, ఎమెరీ పట్టినా, కుంచె కడిగినా ఆ రేణువులు నీటిలో కలుస్తాయి. 2017లో ప్రకృతి పరిరక్షణ సంఘం ఐయూసీఎన్ లెక్కలో సముద్రంలోకి రేణువుల రూపంలోనే చేరే ప్లాస్టిక్‌లో రోడ్డు గీతల రంగుది 7 శాతం, ఓడల పూతలది 3.7 శాతం. 2022లో స్విట్జర్లాండ్ సంస్థ 'ఎన్విరాన్మెంటల్ యాక్షన్' ఇళ్ల రంగులూ పారిశ్రామిక పూతలూ అన్నీ కలిపి చూసి, సముద్రాల్లోకీ నదుల్లోకీ చేరే మైక్రోప్లాస్టిక్‌లో 58 శాతం, ఏటా సుమారు 19 లక్షల టన్నులు, రంగుల నుంచే అంది. అయిదేళ్లలో అంకె ఇంతగా మారడం సముద్రం మారినందుకు కాదు, లెక్కలోకి తీసుకున్న వస్తువులు మారినందుకు. రెండూ నమూనాల మీద కట్టిన అంచనాలే. వీటిని రుజువుగా పట్టుకోకూడదు, కొట్టిపారేయనూ కూడదు. యూరప్ 2023లో మైక్రోప్లాస్టిక్‌లపై ఆంక్షలు తెచ్చినప్పుడు, ఆరి పొరగా మారే రంగులకు మినహాయింపు ఇచ్చింది. పొర రాలాక ఏమవుతుందన్న ప్రశ్న ఆ మినహాయింపు బయటే ఉండిపోయింది.

టైటానియం డయాక్సైడ్ వ్యవహారం న్యాయస్థానాల దాకా వెళ్లింది. పొడిగా పీలిస్తే క్యాన్సర్ అనుమానమున్న పదార్థంగా యూరోపియన్ కమిషన్ దాన్ని వర్గీకరించింది. 2022 నవంబర్‌లో అక్కడి జనరల్ కోర్టు ఆ వర్గీకరణను కొట్టేసింది, 2025 ఆగస్టులో పై కోర్టు ఆ తీర్పును ఖాయం చేసింది. గోడ మీద ఆరిన రంగు నుంచి దాన్ని ఎవరూ పీల్చరు. పొడి బస్తాలు విప్పే కార్మికుడి విషయం, పాత గోడ గీకే మేస్త్రీ విషయం వేరు.

అసలు ఈ సాహిత్యమంతా ఒక్కసారి చదివితే కొట్టొచ్చినట్టు కనిపించే లోపం ఇదే. లేబుళ్లన్నీ ఇంట్లో ఉండేవాణ్ని ఉద్దేశించి రాసినవి. రంగు వేసేవాడు వాటిలో లేడు. అతడు రోజూ ఒక కొత్త ఇంట్లో, ప్రతిసారీ మొదటి కోటు గాలిలోనే ఉంటాడు. 'ఆరాక సురక్షితం' అన్న మాట అతడికి ఎప్పుడూ వర్తించదు. అమెరికాలో 2010 నుంచి, పాత ఇళ్లలో సీసపు రంగును కదిలించే పని చేసే సంస్థలు శిక్షణ పొంది ధ్రువపత్రం తీసుకోవాలి. మన 2016 నిబంధనలు కొత్త డబ్బా గురించే మాట్లాడతాయి. అప్పటికే తలుపుల మీదా గ్రిల్స్ మీదా ఉన్న పొరల గురించి వాటిలో లేదు.

కేంద్రం చేయాల్సినవి రెండు పనులున్నాయి: టింట్ చేశాక ఉండే అంకెతో సహా వీఓసీ పరిమితి, సీసం నిబంధనను పారిశ్రామిక రంగులకూ చాపడం. ఈ లోపు పాఠకులు చేయగలిగింది ఒకటుంది. 2017కు ముందు ఎనామెల్ వేసిన తలుపులూ కిటికీలూ ఉన్న ఇల్లయితే, ఈసారి రంగులకు ముందు ఎమెరీ పేపరు పొడిగా పట్టించకండి. తడిపి గీకించండి. ఆ పని సాగినంత సేపూ పిల్లల్నీ గర్భిణులనూ ఆ గదిలోకి రానివ్వకండి, రాలిన పెచ్చులు తడిగుడ్డతో ఎత్తించండి, గీకే మనిషికి గుడ్డ ముక్క కాకుండా దుమ్మును ఆపే మాస్కు మీరే కొనివ్వండి.